కోడి జబ్బు గుడ్డులోకి ఎలా వచ్చింది? ఒక నూరేళ్ల చరిత్ర

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన రోజులవి. నలభై ఏళ్ల క్రితం నాతో కలిసి పనిచేసిన కాంపౌండరు ఒకరు తణుకు ప్రాంతం నుండి ఫోను చేశారు. "డాక్టరు గారూ, ఇంట్లో రెండు ట్రేల గుడ్లున్నాయండి. పారబోయమంటారా, వండుకోమంటారా?" అని అడిగారు. బాగా ఉడికించి నిశ్చింతగా తినండని చెప్పాను. ఆ వైరస్ సోకిన పెట్ట గుడ్డు పెట్టడం మానివేస్తుంది, కొద్ది రోజులలోనే చనిపోతుంది. ఆ లోపల పెట్టిన గుడ్లలో వైరస్ ఉండే అవకాశం ఉన్నమాట నిజమే గాని, పచ్చసొన గట్టిపడే వరకు ఉడికిస్తే అది బ్రతకదు.

ఆయన తృప్తిపడి ఫోను పెట్టివేశారు. నాకు మాత్రం ఆయన అడగని ప్రశ్న ఒకటి మనసులో మిగిలిపోయింది. కోడిని చంపే జబ్బు ఊరందరికీ కనబడుతుంది. కొక్కెర తెగులు వచ్చిన ఏడాది పెరట్లో ఒక్క కోడి మిగలదని మన పల్లెలలో ఎవరిని అడిగినా చెబుతారు. కోడిని చంపని జబ్బు సంగతి ఏమిటి? పెట్ట చక్కగా మేత తింటున్నది, రోజూ గుడ్డు పెడుతున్నది, గుడ్డు పెంకు మీద మరక లేదు, పగులు లేదు. అటువంటి గుడ్డు లోపల మనిషిని మంచాన పడవేసే క్రిమి ఉండగలదా?

1970లలో మేము వైద్య కళాశాలలో చదువుకొనే నాటికి ఈ ప్రశ్నకు "ఉండదు" అన్నదే అందరూ నమ్మిన సమాధానం. పగిలిన గుడ్డు, మలం అంటిన గుడ్డు, బాతుగుడ్డు ప్రమాదకరం. శుభ్రమైన కోడిగుడ్డు ప్రకృతి స్వయంగా మూతవేసి ఇచ్చిన సీసా వంటిది అని మా నమ్మకం. ఆ నమ్మకంతోనే నా వంటి వైద్యులు ఎందరో రోగులకు ఎన్నో సలహాలు ఇచ్చారు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో, ఎక్కడ తప్పిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా గుడ్డు ఎలా తయారవుతుందో రెండు మాటలలో చెప్పుకొందాము. పెట్ట అండాశయంలో పచ్చసొన పెరిగి విడుదలై అండవాహికలోకి జారుతుంది. అక్కడ దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. తరువాత రెండు పలుచని పొరలు ఏర్పడతాయి. అన్నిటికన్నా చివర, సుమారు ఇరవై గంటలపాటు, పెంకు కట్టుకొంటుంది. మొత్తం ఒక దినం పైగా పట్టే ఈ పనిలో పెంకు ఆఖరిది అన్న విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి. అండాశయంలోగాని అండవాహికలోగాని అప్పటికే చేరి ఉన్న క్రిమిని ఆ పెంకు అడ్డుకోలేదు; లోపలే పెట్టి మూసివేస్తుంది. ఇల్లు కట్టకముందే దొంగ ఆ స్థలంలో కూర్చొని ఉంటే గోడలూ తలుపులూ ఏమి చేయగలవు?

రెండవ దారి బయటి నుండి. కోడికి మలం, గుడ్డు ఒకే ద్వారం గుండా వస్తాయి. పెంకు మీద కొన్ని వేల సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. గుడ్డు కోడి ఒంటి వేడితో బయటకు వచ్చి, బయటి గాలికి చల్లబడుతున్నప్పుడు లోపలి పదార్థం కొద్దిగా ముడుచుకొంటుంది. ఆ ముడుపుకు పెంకు మీది తడి, ఆ తడిలోని క్రిములు రంధ్రాల గుండా లోపలికి పీల్చబడగలవు. ఈ రంధ్రాలను కప్పుతూ క్యూటికల్ అనే పలుచని సహజమైన పూత ఉంటుంది. అది ఎండి, చెదరకుండా ఉన్నంతకాలం మంచి కాపలాయే. ఈ రెండు దారులలో ఏది ముఖ్యమన్న వాదమే ఈ నూరేళ్ల కథలో సగభాగం.

ఈ కథలోని క్రిమి కుటుంబం పేరు సాల్మొనెల్లా. చాలామంది దీనిని సాల్మన్ చేపతో ముడిపెడతారు గాని, చేపకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అమెరికా పశువైద్యుడు డేనియల్ ఎల్మర్ సాల్మన్ పేరు మీదుగా వచ్చిన పేరు ఇది. ఆయన వద్ద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్ 1885 ప్రాంతంలో జబ్బుపడిన పందుల నుండి ఒక క్రిమిని వేరుచేశాడు; కీర్తి మాత్రం పై అధికారికి దక్కింది. ప్రభుత్వోద్యోగం చేసినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ ఉండదు. 1888లో జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌసెన్‌లో జబ్బుపడిన ఆవు మాంసం తిని యాభైమందికి పైగా అస్వస్థులైనప్పుడు, మరణించిన యువకుని శరీరం నుండి, ఆ ఆవు మాంసం నుండి ఒకే క్రిమిని గార్ట్‌నర్ అనే శాస్త్రవేత్త వేరుచేశాడు. దానినే నేడు సాల్మొనెల్లా ఎంటరైటిడిస్ అంటున్నాము. అప్పటికి దానికి గుడ్డుతో పరిచయం ఉన్నట్లు ఎవరికీ తోచలేదు. ఆ పరిచయం జరగడానికి ఇంకొక నూరేళ్లు పట్టింది.

గుడ్డులోకి జబ్బు పోతుందని మొదట గట్టిగా చూపినది దాని జ్ఞాతి. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో, పొదిగిన కొద్ది రోజులకే కోడిపిల్లలు గుంపులు గుంపులుగా చనిపోయేవి. పిల్లలు ఒకదానినొకటి ఆనుకొని ముడుచుకొని కూర్చొనేవి, రెక్కలు వాల్చేవి, వెనుక భాగాన సున్నం పూసినట్లు తెల్లని మలం అంటుకొని ఉండేది. మన పశువైద్యులు తెల్లపారుడు అని పిలిచే వ్యాధి ఇదే. రైతులు ఇంక్యుబేటరు వేడిని, మేతను, చలిని నిందించేవారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియో రెట్గర్ అనే సూక్ష్మజీవి శాస్త్రవేత్త చనిపోయిన పిల్లల నుండి ఒక క్రిమిని వేరుచేసి 1900లో ప్రకటించాడు. 1909లో స్టోన్‌బర్న్ అనే సహచరునితో కలిసి ఆ వ్యాధిని, ఆ క్రిమిని మరింత వివరంగా వర్ణించాడు. నేడు ఆ క్రిమి పేరు సాల్మొనెల్లా పుల్లోరం.

పొదిగిన ఒకటి రెండు రోజులకే పిల్ల చనిపోతున్నదంటే అది ఆ జబ్బును ఎక్కడ తెచ్చుకొన్నది? ఈ ప్రశ్న రెట్గర్ బృందాన్ని తల్లికోడి కడుపులోకి చూడవలసివచ్చేటట్లు చేసింది. పైకి ఏ జబ్బూ లేని పెట్టలను కోసి చూస్తే కొన్నింటి అండాశయాలలో, పసుపుగా గుండ్రంగా ఉండవలసిన పచ్చసొనలు ముడుచుకొని, రంగు మారి, వంకరలు తిరిగి కనబడ్డాయి. వాటిలో అదే క్రిమి. అవి పెట్టిన తాజా గుడ్ల పచ్చసొనలోనూ అదే క్రిమి. చక్రం పూర్తి అయినది: జబ్బు గుడ్డు నుండి జబ్బు పిల్ల, ఆ పిల్లలలో బ్రతికి బట్టకట్టినది పెద్దదై జబ్బును మోసే పెట్ట, ఆ పెట్ట నుండి మళ్లీ జబ్బు గుడ్డు. బ్రతికినదే ప్రమాదకరమన్న ఈ చిత్రమైన సత్యం, టైఫాయిడ్ తగ్గిన తరువాత కూడా క్రిమిని మోస్తూ తిరిగే మనుషులను చూసిన వైద్యులకు కొత్తది కాదు.

ఇక్కడ మా వైద్యవృత్తికి సంబంధించిన ఒక ముచ్చట ఉన్నది. మన ఆసుపత్రులలో టైఫాయిడ్‌కు చేసే వైడల్ పరీక్ష తెలియని తెలుగువారు ఉండరు. 1896లో పారిస్‌లో వైడల్ ప్రవేశపెట్టిన ఈ పరీక్షలో రోగి రక్తపు సీరంతో క్రిములు గుంపుకట్టుతాయా అని చూస్తారు. 1913లో జోన్స్ అనే పరిశోధకుడు ఇదే సూత్రాన్ని కోళ్లకు వర్తింపజేశాడు. జబ్బు పైకి కనబడని పెట్టను కూడా రక్తం పట్టించివేస్తుంది! 1930ల ఆరంభానికి అది ఎంత సులువైనదంటే, రెక్క కింది నరం నుండి ఒక్క రక్తపు చుక్క తీసి, రంగు కలిపిన క్రిముల ద్రవంతో పలక మీద కలిపితే ఫారంలోనే నిమిషాలలో ఫలితం తెలిసేది. ఇంకొక విశేషమేమిటంటే, మనుషుల టైఫాయిడ్ క్రిమి, కోళ్ల పుల్లోరం క్రిమి, గార్ట్‌నర్ కనుగొన్న ఎంటరైటిడిస్ క్రిమి మూడూ ఒకే ఉపవర్గానికి చెందినవి; వాటి పైపొరలో కొన్ని భాగాలు సమానమైనవి. ఆ కారణంగానే ఒక్కొక్కప్పుడు టైఫాయిడ్ లేని రోగిలో కూడా వైడల్ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. ఈ పోలిక మన కథలో మళ్లీ ఎదురవుతుంది.

ఆ పరీక్ష అవసరం నానాటికీ పెరిగినది. 1918 నుండి అమెరికా తపాలాశాఖ ఒకరోజు కోడిపిల్లలను పార్సిళ్లలో చేరవేయడానికి అంగీకరించింది. పొదిగిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దానికి రెండు మూడు రోజుల ఆహారం. అందుచేత నీరు, మేత లేకుండానే అది ప్రయాణం చేయగలదు. పెరట్లో కోడి పది గుడ్లను పొదిగే కాలం పోయి, ఎందరో రైతుల గుడ్లను ఒకే హేచరీలో వేల సంఖ్యలో పొదిగించే కాలం వచ్చింది. ఒక్క జబ్బు గుడ్డు పగిలి పిల్ల బయటకు వస్తే దాని నూగు, దాని మలం ఆ పెట్టె అంతటా గాలిలో తిరిగేవి. పల్లెటూరి పెరట్లో ఒక మందతో ఆగిపోయే జబ్బు తపాలా బండి ఎక్కి రాష్ట్రాలు దాటింది. చివరకు 1935లో అమెరికాలో జాతీయ కోళ్ల అభివృద్ధి పథకం ప్రారంభమైనది. తల్లికోళ్లన్నిటికీ రక్తపరీక్ష చేయడం, జబ్బు బయటపడిన వాటిని తొలగించడం, శుభ్రమైన మంద గుడ్లనే పొదిగించడం, ఇంతే దాని సారం. మందూ లేదు, టీకా లేదు. 1970ల నాటికి అమెరికాలోను, బ్రిటన్‌లోను వాణిజ్య మందలలో తెల్లపారుడు, దాని తోడు జబ్బు అయిన కోళ్ల టైఫాయిడ్ దాదాపు కనుమరుగైనాయి. పశువైద్య చరిత్రలో ఇంత నిశ్శబ్దంగా సాధించిన విజయాలు తక్కువ. ఈ విజయానికి ఒక మూల్యం ఉన్నదేమో అన్న అనుమానం ఆ రోజులలో ఎవరికీ కలుగలేదు.

మనుషుల విషయానికి వస్తే, ఆ కాలమంతా దృష్టి పెంకు మీదనే ఉండేది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నుండి బ్రిటన్‌కు వెళ్లిన గుడ్డుపొడి అంతకుముందు ఆ దేశంలో చూడని సాల్మొనెల్లా రకాలను వెంటబెట్టుకొని వెళ్లింది. పగిలిన గుడ్లు, మురికి గుడ్లు, పెద్ద పాత్రలలో కలిపివేసిన గుడ్లే దీనికి మూలమని తేల్చారు. 1970లో అమెరికా చట్టం చేసి, ద్రవరూపంలో అమ్మే గుడ్డును తప్పనిసరిగా పాశ్చరైజ్ చేయాలన్నది. పగుళ్లు ఉన్న గుడ్లను బజారులోకి రాకుండా కట్టడి చేసింది. గుడ్ల వలన వచ్చే జబ్బులు తగ్గాయి. సమస్య ముగిసినదని అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. మేము చదివిన పాఠం ఆ ఊపిరి పీల్చుకొన్న కాలం నాటిది.

1988లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఆ నిశ్చింతను చెదరగొట్టింది. ఈశాన్య రాష్ట్రాలలో 1976 నుండి 1986 వరకు ఎంటరైటిడిస్ కేసులు ఆరురెట్లకు పైగా పెరిగాయి. 1985 జనవరి నుండి 1987 మే వరకు 65 సామూహిక విషాహార సంఘటనలలో 2,119 మంది జబ్బుపడ్డారు. 11 మంది మరణించారు. ఏ ఆహారం కారణమో తేలిన 35 సంఘటనలలో 27 గుడ్ల వలన వచ్చినవే. అవి మురికి గుడ్లు కావు, పగిలిన గుడ్లు కావు. తనిఖీ చేసి, కడిగి, "గ్రేడ్ ఏ" ముద్ర వేసిన మేలురకం గుడ్లు. పెంకు శుభ్రంగా ఉండి లోపల క్రిమి ఉన్నదంటే అది లోపలి దారినే వచ్చి ఉండాలి. రెట్గర్ డెబ్బై ఎనభై ఏళ్ల క్రితం కోడిపిల్లలలో చూపిన దారిలో ఇప్పుడు మనిషిని జబ్బుపరిచే క్రిమి నడుస్తున్నది.

పుల్లోరానికీ దీనికీ ఒక పెద్ద భేదం ఉన్నది. పుల్లోరం పిల్లలను చంపేది గాని, మనుషులకు దాదాపు హాని చేయదు; కాబట్టి రైతు నష్టపోయి కేకవేసేవాడు, ప్రభుత్వం కదిలేది. ఎంటరైటిడిస్ పెద్ద పెట్టలను సాధారణంగా బాధించదు. గుడ్ల సంఖ్య కూడా చెప్పుకోదగినంతగా తగ్గదు. రైతుకు నష్టం లేదు, కోడికి బాధ లేదు. బాధ అంతా గుడ్డు తిన్నవాడిది. పైగా జబ్బు సోకిన మందలో కూడా అన్ని గుడ్లలోనూ క్రిమి ఉండదు. అమెరికాలో సుమారు 20,000 గుడ్లలో ఒకదానిలో ఇది ఉండవచ్చునని ఒక అంచనా. అటువంటి గుడ్డులో కూడా పెట్టిన రోజున క్రిములు సాధారణంగా పట్టుమని ఇరవై కూడా ఉండవు.

మరి అంత కొద్ది క్రిములతో అంతమంది ఎలా పడకలు ఎక్కుతారు? ఇక్కడే నిలువ, వేడి అన్న రెండు అంశాలు ప్రవేశిస్తాయి. క్రిమి సాధారణంగా తెల్లసొనలోనో, పచ్చసొన పొరకు బయటి వైపునో చేరుతుంది. తెల్లసొన మనం అనుకొన్నంత సాధుపదార్థం కాదు. అందులోని ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే మాంసకృత్తి ఇనుమును గట్టిగా పట్టివేసి క్రిములకు అందనివ్వదు. లైసోజైమ్ కొన్ని రకాల క్రిముల గోడలను కరిగిస్తుంది. అందుచేత తాజా గుడ్డులో క్రిమి పెరగలేక పస్తు ఉంటుంది. రోజులు గడిచే కొద్దీ, అందులోను వేడిలో ఉంచితే, పచ్చసొన చుట్టూ ఉన్న పొర బలహీనపడుతుంది. 20 డిగ్రీల వేడిలో సుమారు మూడు వారాలకు ఈ మార్పు వస్తుందని బ్రిటన్ పరిశోధనలు చూపాయి. వేడి పెరిగితే ఇంకా ముందే. అప్పుడు ఇనుము, కొవ్వు, పోషకాలు సమృద్ధిగా ఉన్న పచ్చసొన తలుపు క్రిమికి తెరుచుకొంటుంది. పదుల సంఖ్య కోట్లకు చేరడానికి ఒకటి రెండు రోజులు చాలును. వాసన మారదు, రుచి మారదు. నీటిలో వేస్తే తేలే గుడ్డు పాతదని తెలుస్తుంది గాని, మునిగిన గుడ్డు నిర్దోషి అని కాదు. లోపల కనబడే రక్తపు చుక్కను చూసి చాలామంది భయపడి పారవేస్తారు. అది అండాశయంలో చిన్న నాళం చిట్లిన గుర్తు మాత్రమే. దానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు.

బ్రిటన్‌లో ఇదే విషయం రాజకీయ తుఫాను రేపింది. 1988 డిసెంబరు 3న ఆరోగ్యశాఖ ఉపమంత్రి ఎడ్వినా కర్రీ, దేశంలోని గుడ్ల ఉత్పత్తిలో అధికభాగం సాల్మొనెల్లా బారిన పడినదని విలేఖరులతో అన్నారు. గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి. రైతు సంఘాలు మండిపడ్డాయి. రెండు వారాలు గడవకముందే, డిసెంబరు 16న, ఆమె రాజీనామా చేశారు. లక్షల సంఖ్యలో కోళ్లను వధించవలసివచ్చింది. నా అభిప్రాయంలో ఆమె మాటలోని తప్పు ఒక్క పదానిది. జబ్బు సోకిన మందలు చాలా ఉన్నాయనడం వేరు, అధికభాగం గుడ్లలో జబ్బు ఉన్నదనడం వేరు. వినేవారికి రెండవదే వినిపించింది. కాని ఆమె వేలు చూపిన దిక్కు మాత్రం సరియైనది. ఆ కాలంలో దేశంలో సాల్మొనెల్లా పెద్ద ఎత్తున వ్యాపించి ఉన్నదని అధికారులు స్వయంగా వ్రాసుకొన్న నివేదిక 2001లో బయటపడింది.

ఆ ప్రకంపనల తరువాత దారి పడింది. 1990ల చివర నుండి బ్రిటన్ రైతులు "సింహం" ముద్ర పథకం కింద తమ పెట్టలకు సాల్మొనెల్లా టీకాలు వేయించడం మొదలుపెట్టారు. మనుషులలో కేసులు ఎంతగా తగ్గాయంటే, 2017 అక్టోబరులో ఆ దేశ ఆహార ప్రమాణాల సంస్థ, సింహం ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా సగం ఉడికినవే తినవచ్చునని తన పాత హెచ్చరికను సవరించుకొన్నది. ఇది ఆ ముద్ర, ఆ టీకా, ఆ తనిఖీ ఉన్న గుడ్లకే వర్తిస్తుంది. అంతర్జాలంలో ఆ వార్త చదివి మన వీధి కొట్టులోని గుడ్డుకు దానిని అన్వయించుకోరాదు. అమెరికా అదే ఫలితాన్ని ఆలస్యంగా వెదికింది. గుడ్ల భద్రతకు కొత్త నియమాలు 2010 జూలైలో అమలులోకి రాగా, అదే వేసవిలో అయోవా రాష్ట్రంలోని రెండు సంస్థల నుండి 50 కోట్లకు పైగా గుడ్లను వెనుకకు పిలిపించవలసివచ్చింది.

అయితే ఎంటరైటిడిస్ అకస్మాత్తుగా 1980లలోనే కోళ్లలోకి ఎందుకు వచ్చింది? 2000లో సైన్స్ పత్రికలో బాయిమ్లర్, ఆయన సహచరులు ఒక ఊహను ముందుంచారు. పుల్లోరం, కోళ్ల టైఫాయిడ్, ఎంటరైటిడిస్ క్రిముల పైపొరలు ఒకే తీరువని ముందే చెప్పుకొన్నాము. మొదటి రెండూ మందలలో ఉన్నంతకాలం కోళ్లకు ఆ పైపొర మీద రోగనిరోధకశక్తి ఉండేది. దానితో మూడవదానికి కాలూనడం కష్టమయ్యేది. 1970లకు మొదటి రెండింటినీ నిర్మూలించడంతో చోటు ఖాళీ అయినది. ఎలుకలలో దాగి ఉండే ఎంటరైటిడిస్ ఆ ఖాళీలోకి జొరబడింది. ఎలుకల పాత్ర ముఖ్యమన్నది మిగిలిన పరిశోధకులు కూడా చెబుతున్నదే. జాతికోళ్లను అమ్మే కొద్ది సంస్థల నుండి తల్లికోళ్ల ద్వారా దేశదేశాలకు పాకినదని మరికొందరి వాదం. ఈ కారణాలన్నీ కొంత కొంత పనిచేసి ఉండవచ్చునని నేను భావిస్తాను. ఏది ఏమైనా, పిల్లలను చంపే క్రిమిని తరిమివేసిన ఇంట్లోకి కోడిని చంపని క్రిమి వచ్చి కూర్చొన్నదన్న ఆ ఊహను చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

గుడ్డు దారిన వచ్చేవి ఇవి మాత్రమే కావు. కోళ్లలో రక్తపు క్యాన్సరును కలిగించే ల్యూకోసిస్ వైరస్ కూడా తల్లి నుండి గుడ్డుకు సంక్రమిస్తుంది. కోడి పిండాలలో పెంచిన పసుపు జ్వరం టీకాలో ఆ వైరస్ కలిసి ఉన్నదని 1960లలో బయటపడి వైద్యలోకం ఉలిక్కిపడింది. ఆ టీకా వేసుకొన్న అమెరికా మాజీ సైనికులను పరిశీలించగా క్యాన్సరు పెరిగిన జాడ కనబడలేదు. అయినా అప్పటి నుండి అటువంటి టీకాలకు ప్రత్యేకంగా పెంచిన రోగరహిత మందల గుడ్లనే కోరుతున్నారు.

ఇక మన ఇంటి సంగతి. తెలుగు రాష్ట్రాలు గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందువరుసలో ఉన్నాయి. ఆ గుడ్లు మండువేసవిలో లారీలలో ప్రయాణించి, కిరాణా కొట్ల ముందు అట్ట ట్రేలలో 40 డిగ్రీల వేడిలో కూర్చొంటాయి. పైన చెప్పిన 20 డిగ్రీలు, మూడు వారాలు అన్న లెక్కను ఈ వేడికి అన్వయించి చూడండి. కోడికూర పులుసులో, గుడ్డు పులుసులో, ఉడికించిన గుడ్డులో ఈ క్రిమికి చోటు లేదు. మన పాత వంటలన్నీ దానికి శత్రువులే. బడిపిల్లలకు, అంగన్‌వాడీలలో తల్లులకు ఇచ్చే ఉడికించిన గుడ్డు అన్నివిధాల ఉత్తమమైనది. ఈ వ్యాసం చదివి ఎవరూ దానిని మానిపించవద్దని నా విజ్ఞప్తి. ప్రమాదం కొత్త తిండ్లలో ఉన్నది. పచ్చిగుడ్డుతో చేసిన మయోనీస్‌ను 2024 అక్టోబరు చివరన తెలంగాణ ప్రభుత్వం ఒక సంవత్సరంపాటు నిషేధించింది. కేరళ అంతకుముందే 2023లో ఆ పని చేసింది. వంద గుడ్లు ఒకే గిన్నెలో గిలకొట్టినప్పుడు ఒక్క గుడ్డులోని క్రిమి వందమంది పళ్లెంలోకి వెళుతుంది. యుద్ధకాలపు గుడ్డుపొడి నేర్పిన పాఠమే ఇది.

ఇంటి విషయంలో నేను చెప్పేది కొద్దిపాటిదే. గుడ్లు తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాక లోపలి వైపున ఉంచండి. తెచ్చి కడిగి దాచవద్దు. చన్నీళ్లలో నానబెడితే మురికి రంధ్రాల గుండా లోపలికి పోగలదు. వండేముందు కడిగితే చాలును. నీరు మరిగిన తరువాత పది పన్నెండు నిమిషాలు ఉడకనివ్వండి. పసిపిల్లలు, గర్భిణులు, డెబ్బై దాటిన నా వంటివారు హాఫ్ బాయిల్‌కు దూరంగా ఉండడం మంచిది. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కొడవలి కణాల రక్తహీనత ఉన్నవారికి మరీ ముఖ్యంగా ఈ మాట చెబుతున్నాను. సాల్మొనెల్లా వారిలో రక్తంలోకి పోయి ఎముకలలో స్థిరపడి చీము పట్టిస్తుంది; అటువంటి బిడ్డలను నేను సర్వీసులో చూశాను.

పచ్చిగుడ్డు బలమని ఇంకా నమ్మేవారికి ఒక లెక్క. 1998లో బెల్జియం పరిశోధకులు పరీక్షించగా ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులలో సుమారు 91 శాతం చిన్నపేగులో జీర్ణమైనాయి. పచ్చిగుడ్డులోనివి సుమారు 51 శాతం మాత్రమే. అంటే పచ్చిది తాగినవాడు సగం బలాన్ని వదులుకొంటున్నాడు.

ఈ లెక్క నాకు 1980లలో తెలియదు. ఆ రోజులలో నేను పనిచేసిన తాలూకా ఆసుపత్రిలో క్షయరోగులకు మందులతో పాటు "పాలలో పచ్చిగుడ్డు ఒకటి, ప్రతి ఉదయం" అని నా చేతితోనే చీటీ వ్రాసేవాడిని. వారిలో ఒక నేత కార్మికుడు, పాతికేళ్ల కుర్రవాడు, మూడవ వారంలో తీవ్రమైన జ్వరంతో, విరేచనాలతో నీరసించిపోయాడు. మందులు పడలేదేమో అని కొన్నిటిని ఆపివేసి, సెలైన్లు ఎక్కించాను. మలపరీక్ష చేసి క్రిమిని పెంచి చూసే వసతి అక్కడ లేదు. గుడ్డును అనుమానించాలన్న ఆలోచన నాకు లేదు. అతడు కోలుకొన్నాడు. కారణం గుడ్డే అని చెప్పడానికి నా వద్ద ఏ ఆధారమూ లేదు. అతడు కోలుకొన్న మరునాటి నుండి నేను వ్రాసిన చీటీలో మళ్లీ అదే పచ్చిగుడ్డు ఉన్నదన్నది మాత్రం నాకు బాగా గుర్తు.

ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చొనేముందు తణుకు మిత్రునికి నేనే ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మీరు రాసేవారండి. గుడ్డు పగలగొట్టి పాలలో కలిపి తాగించింది మాత్రం నేనే కదండీ."